మావయ్యగారి పలుపుతాళ్ళు

చేసిన మనిషి గుమ్మందాకా సైకిలు మీద వెళ్ళి తగువు పెట్టుకోవడానికి వీల్లేని వస్తువేదీ మా సుబ్రహ్మణ్యేశ్వరరావు మావయ్యగారు కొనేవారు కాదు. అల్లుడు దుర్గాప్రసాద్ మస్కట్ నుంచి తెచ్చిన టార్చిలైటును కూడా అనుమానంగా చూసి, "ఇది ఆరిపోతే ఎవర్ని నిలదీస్తామండీ?" అని పక్కన పెట్టేశారు.

ఆయన తగువుల్లో పెద్దది చిన్నమ్మలుతో. ఆవిడ ఊరి చివర ఒంటరిగా కొబ్బరిపీచుతో తాళ్ళు పేనుకుని బతికేది. బజారులోకి నైలాను తాళ్ళు వచ్చాక ఆ గుమ్మం తొక్కేవాళ్ళు తగ్గిపోయారు. మావయ్యగారు మాత్రం ప్రతి ఆదివారం వెళ్ళి, మా ఆవు పలుపుతాడు తెంపేసిందని నలుగురూ వినేలా కేకలేసి, ఇంకోటి కొనుక్కొచ్చేవారు. మా గౌరి ఒంటి మీద ఈగ వాలినా తోలుకోవడానికి మొహమాటపడే ఆవు. పాపం, ఊళ్ళో దానికి పొగరుబోతని పేరొచ్చింది.

తొంభై ఎనిమిదిలో మావయ్యగారి కూతురు గాయత్రికి పాప పుట్టింది. పాపను ఉయ్యాలలో వేసే రోజుకని అల్లుడు మస్కట్ నుంచి పాటలు పాడే ఉయ్యాల పంపించాడు. మావయ్యగారేమో ఇంట్లో ఉన్న కర్ర ఉయ్యాలకి చిన్నమ్మలు చేత కొత్త తాళ్ళు పేనించేశారు. అత్తయ్యకి గుండెదడ పట్టుకుంది. నాకూ అంతే. వారానికో తాడు తెగుతుంటే పసిగుడ్డును దేన్ని నమ్మి వేస్తాం? మావయ్యగారు ముప్పై కొబ్బరికాయలు అందులో పోసి ఊపి చూపించారు. అదీ చాలక తానే ఎక్కి కూర్చున్నారు. తాడు కిర్రుమనేసరికి అత్తయ్య కళ్ళు మూసుకుంది.

ముహూర్తం దగ్గరపడింది. గాయత్రి పాపను గుండెకి అదుముకుని వదల్లేదు.

"ఆవిడ తాళ్ళు తెగిపోతున్నాయని ఊరంతా చెప్పింది మీరే కదా నాన్నా," అంది.

పేరంటానికొచ్చి గుమ్మంలో నిలబడ్డ చిన్నమ్మలు తల దించుకుంది. మావయ్యగారి మొహం పాలిపోయింది. తన కేకలకి ఆవిడ తాళ్ళకే చెడ్డపేరు వస్తుందని ఆయనకి అప్పటిదాకా తట్టలేదు. నిచ్చెన వేసుకుని అటకెక్కారు. పలుపుతాళ్ళు ఒక్కొక్కటే కింద పడసాగాయి. ఇరవై, ముప్పై, ఆ తర్వాత నేను లెక్క మానేశాను. అన్నీ కొత్తవే.

"ఒక్కటీ తెగలేదమ్మా," అన్నారు అటక మీంచే. "ఊరికే ఇస్తే ఆవిడ పుచ్చుకోదు. ఉన్నది ఒక్క ఆవు. వారం వారం తాడెందుకని అడిగితే ఏం చెప్పనూ?"

గాయత్రి పాపను ఉయ్యాలలో వేసింది. మేమంతా తాళ్ళకేసే చూస్తుంటే, పాప మాత్రం హాయిగా నిద్రపోయింది.

ఆ వచ్చే ఆదివారం మావయ్యగారు సైకిలు తీస్తే నేను వెనక ఎక్కాను. చిన్నమ్మలు గుమ్మంలో ఆయన దిగారు. సైకిలు బెల్లు తుడుస్తూ నిలబడిపోయారు. చివరికి ఆవిడే కొత్త తాడు పట్టుకొచ్చి, నవ్వాపుకుంటూ అడిగింది.

"మీ ఆవు మళ్ళీ తెంపేసిందాండీ?"

"ఆయ్," అన్నారు మావయ్యగారు.