అచ్చియమ్మ కొన్న రెండు సెల్లుల రేడియో

మల్లేశు తన రేడియో కట్టేసిన ఆ చిన్న 'టిక్కు' అచ్చియమ్మ చెవిలో ఏడాది పాటు మోగుతూనే ఉంది.

ముంచంగిపుట్టుకు అవతల, గెడ్డ వాగు దాటాక వచ్చే పనసమెట్ట ఊళ్లో చోడి, అంటే రాగి, చేల కలుపంతా బదులు పని మీదే నడుస్తుంది. ఈ రోజు మీ చేలో మా చేతులు, రేపు మా చేలో మీ చేతులు. చేతులు కావలసినవాళ్లు ముందురోజు సాయంత్రం అంబలి కుండతో ఇల్లిల్లూ తిరగాలి. దోసెడు అంబలి తాగితే మాట ఇచ్చినట్టే, రాక తప్పదు. తొంభైల మధ్యలో మల్లేశు కాఫీ గింజలమ్మి, ఎర్రదీపాలు వెలిగే పెద్ద రేడియో ఒకటి తెచ్చాడు. దాన్ని చేను మధ్య రాతిమీద పెట్టి పాటలు పెట్టేసరికి ఊరి ఆడవాళ్లంతా ముందు అతని చేలోకే దిగేవారు. మల్లేశు కుండ మోయడం మానేశాడు.

"నా పెట్టి పిలుత్తాదర్రా, నానెందుకు పిలవాలి?" అనేవాడు.

ఆ ఏడే అచ్చియమ్మ మొగుడు ఫల్గుణ మిరియాలు కోస్తూ సిల్వర్ ఓకు చెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని పక్కన కూచోక తప్పక ఆమె మల్లేశు చేనికి పోలేదు. కాస్త కుదుటపడ్డాక కలుపుగుచ్చి పట్టుకుని వెళ్లి వరసలో దిగింది. మల్లేశు నింపాదిగా రాతి దగ్గరికి నడిచి రేడియో కట్టేశాడు.

"ఎగ్గొట్టినోలికి పాట నేదు. ఒలే, మీరంతా దీని దయవల్ల మూగపని సెయ్యండి."

ఆ పూటంతా ఆడవాళ్లు తనవైపు చూసిన చూపులు ఒక ఎత్తు. తన వంతు వచ్చినప్పుడు తన అంబలి ఎవరూ ముట్టక, చేలోకి ఒక్క మనిషీ దిగకపోవడం ఇంకో ఎత్తు. చోడిని కలుపు మింగేసింది. ఆ చలికాలమంతా ఇంట్లో మామిడి టెంకల అంబలే. ఎంత నానబెట్టినా వగరు పోని ఆ అంబలి మింగిన ప్రతిసారీ అచ్చియమ్మకు మల్లేశు మొహం కనపడేది.

"నాను రేడియో కొంతాను," అంది మొగుడితో.

"పాటలు ఇనడానికా?"

"కాదు. మల్లేశు బావకి ఇనిపించడానికి."

కొనేముందు ఆమె శత్రువు రేడియోనే చదువుకుంది. అది నాలుగు లావు బ్యాటరీ సెల్లులు తింటుంది. సంతకి పోయినప్పుడల్లా మల్లేశు కొత్తవి తెస్తాడు. నీరసించినవాటిని పెంకుల మీద ఎండబెట్టి మళ్లీ వాడతాడు. కానీ ముసురు పట్టి గెడ్డ పొంగితే జీపు రాదు, సంత ఉండదు, ఎండా ఉండదు. కలుపు తీసేదీ అప్పుడే. పోయినేడు కూడా కలుపు చివర్లో ఆ పెట్టె గొంతు బొంగురుపోవడం ఆమె వింది. మిగతావాళ్లు వాన అనుకున్నారు. ఆమె మాత్రం సెల్లు అనుకుంది.

ఎండాకాలంలో మిరియాల మూట నెత్తినెట్టుకుని సంతలో తాతారావు దుకాణానికి పోయింది. అతను ఊపుగా ఒక పెద్ద పెట్టె దించాడు.

"కేసెట్టు పడతాది, దీపాలెలుగుతాయి. మీ మల్లేశు కొన్నదానికి పెద్దప్పలాంటిది."

"ఏటి తింతాది?"

"తినడమేటే?"

"సెల్లులు బాబూ. ఎన్ని తింతాది, ఎన్నాల్లు పలుకుతాది?"

తాతారావు నవ్వి ఇంకోటి చూపించాడు, ఆపైన ఇంకోటి. దీపమున్నదాన్ని ఆమె పక్కన పెట్టేసింది, దీపం కూడా తిండి తింటుందని. చివరికి మిగిలింది నల్లటి చిన్న పెట్టె. రెండు సన్న సెల్లులు, గొంతుకో చక్రం, స్టేషనుకో చక్రం, చిన్న తోలు తొడుగు. దాన్ని బల్లమీద పాడనిచ్చి, కోళ్ల బేరగాళ్ల గోల మధ్యకి నడిచి వెళ్లి నిలబడింది. వరస చివరి మనిషి నిలబడే దూరం అదే. వినపడింది.

"పెళ్లిసూపులకి కూడా ఇంత సూడరే," అన్నాడు తాతారావు.

"పెళ్లి తప్పితే సరిపెట్టుకుంతాం బాబూ. ఇది తప్పకూడదు."

మొగుడి కాలు విరగ్గొట్టిన మిరియాలే రేడియోగా మారాయి. మిగిలినవాటికి సెల్లులు తీసుకుని, పాలిథిన్ సంచిలో చుట్టి, పొయ్యిపైన అటక మీద దాచింది.

ఇంటికొచ్చాక మాత్రం రేడియో గరగరమంది తప్ప పలకలేదు. విశాఖపట్నం పలికేచోట తాతారావు సున్నంతో బొట్టు పెట్టిచ్చాడు. కొట్టువాడు పెట్టిన గుర్తు కదా అని ఆమె చక్రాన్ని ఆ బొట్టు దాటనివ్వలేదు. ఇంటిముందు పోతూ మల్లేశు ఆగాడు.

"కప్పని కొన్నావేటే అచ్చియమ్మా? వానని పిలుత్తున్నాది."

అతను పోయాక పక్కింటి సోములమ్మ వచ్చి అచ్చియమ్మ పక్కన కూచుంది. "ఆ బొట్టు సంతకాడిది గదే. మన ఊరు గుంటలో ఉన్నాది. ఇంకో పక్కకి తిప్పి సూడు."

తిప్పింది. ఒడిశా వైపు జయపురం స్టేషను గంట కొట్టినట్టు పలికింది. ఎవరో ఆడమనిషి ఒడియా కొండమాటల్లో నాట్లపాట పాడుతోంది. ఇంట్లో ఆ మాటే మాట్లాడే సోములమ్మ కళ్లు పెద్దవి చేసింది. "ఇది మా అమ్మ పాడేదే. ఊరందరినీ పిలువు."

"పిలవను. నువ్వూ సెప్పకు అత్తా. బావకి ఇది కప్పగానే ఉండనీ."

ముసురు పట్టింది. గెడ్డ పొంగింది. మల్లేశు పెట్టె గొంతు గురకలోకి దిగి, ఒకరోజు రాతిమీద బండలా కూచుంది. ఆ సాయంత్రమే అచ్చియమ్మ నెత్తిన కుండతో, చంకలో పాడుతున్న నల్లపెట్టెతో బయల్దేరింది. పొద్దున ఆమె చేలో, పంగలకర్ర మీద ఆకుల గొడుగు కింద, నల్లపెట్టె పాడుతుంటే వరస చివరిదాకా చేతులు పరిగెత్తాయి. ఆ తర్వాత రేడియో సోములమ్మ చేనికి, ఆ పక్క చేనికి, కుండ తెచ్చిన ప్రతి ఇంటి చేనికీ వెళ్లింది.

"మల్లేశు బావ సేను అడివైపోతున్నాది, ఎల్దామా?" అంది ఒకామె జాలిగా.

"బావ పెట్టి పిలవనేదు గదే, ఎలా ఎల్తాం?" అంది అచ్చియమ్మ.

చోడి మొక్క కనపడనంతగా కలుపు లేచాక మల్లేశు కుండ నెత్తుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగి ఆమె గుమ్మం దగ్గరికి చివరగా వచ్చాడు.

"అంబలి తాగు అచ్చియమ్మా."

"ఏటి బావా, కుండ మొయ్యడం మరిసిపోనావనుకున్నాను."

అతను కుండ వంచాడు. ఆమె దోసిలి పట్టి, చుక్క మిగలకుండా తాగింది.

మర్నాడు అందరితోపాటు వెళ్లి వరసలో నిలబడింది. చేతిలో కలుపుగుచ్చి తప్ప ఏమీ లేదు.

"రేడియో ఏదీ?" అన్నాడు మల్లేశు.

"దానికి నువ్వు అంబలి పొయ్యనేదు బావా. నాకు పోసావు, నానొచ్చాను."

వరసంతా పకపకమంది. సోములమ్మ నడుం నిమురుకుంది. "పాట నేకపోతే సెయ్యి ఆడదురా మల్లేశూ. పాడు."

"నానా?"

"నీ పెట్టి మాట్లాడదు, దాని పెట్టి రాదు. ఇంకెవలున్నారు?"

కలుపు చూసుకున్నాడు, ఆడవాళ్ల కదలని చేతులు చూసుకున్నాడు. రాతి పక్కన నిలబడి గొంతు విప్పాడు. పెద్ద దూడ అరిచినట్టుంది. పాడినంతసేపే కలుపుగుచ్చులు కదిలాయి. ఆగితే అవీ ఆగాయి.

"గట్టిగా బావా," అంది అచ్చియమ్మ తలెత్తకుండా. "సివర వరసకి ఇనపడ్డం నేదు."

పొద్దు వాలేసరికి అతని గొంతు పూర్తిగా పోయింది. చేను సగం మిగిలింది. ఆ సాయంత్రం మళ్లీ కుండతో ఇల్లిల్లూ తిరిగాడు, రమ్మని అడగడానికి మాట రాక చేత్తో సైగ చేస్తూ. అచ్చియమ్మ నింపాదిగా గుమ్మంలో కూచుని, ఏమంటున్నాడో అర్థంకానట్టు మళ్లీ మళ్లీ అడిగింది.