గంటగోపురం ఎదుట కెప్టెన్ గావ్రోన్‌స్కీ

పోలండు ఫిరంగిదళపు కెప్టెన్ యూజెబియుష్ గావ్రోన్‌స్కీ గారు మర్యాద విషయంలో యుద్ధానికి ఎలాంటి మినహాయింపూ ఇవ్వలేదు. జర్మన్లు వెనకాలే తరుముతున్నా నున్నగా గడ్డం గీసుకునేవారు. ఫిరంగులు లాగే గుర్రాలకు నీళ్లు పోసిన ప్రతి ముసలమ్మ చేతినీ వంగి ముద్దుపెట్టుకునేవారు. "ఈయన ఇలా ఊరూరా వంగుతూ పోతే వార్సా చేరేసరికి క్రిస్మస్ వస్తుంది," అని సార్జెంట్ వాలెంటీ గొణిగేవాడు.

1939 సెప్టెంబరులో ఒక ఉదయం జర్మన్ గుండ్లు సరిగ్గా వీళ్ల ఫిరంగుల మధ్యే పడసాగాయి. "కెప్టెన్ గారూ, జర్మనువాడెవడో ఎదుటి ఊరి చర్చి గంటగోపురమెక్కి వాళ్ల ఫిరంగులకి మన జాడ చెబుతున్నాడండీ. దాన్ని కూల్చకపోతే మధ్యాహ్నానికి మనం మిగలం," అన్నాడు వాలెంటీ. కెప్టెన్ గారికి పసితనంలో జ్ఞానస్నానం జరిగింది ఆ చర్చిలోనే.

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"లేరండీ. ఫాదరు గారు నిన్ననే అందర్నీ అడవిలోకి తోలుకుపోయారు."

కెప్టెన్ గారు టోపీ తీశారు. చర్చి ముందు టోపీ తీయని మగవాడు పోలండులో ఉండడు కనుక దళమంతా తీసింది. "పేల్చండి," అన్నారాయన మెల్లగా. మూడో గుండుకి గోపురం కూలింది. జర్మన్ గుండ్లు దారి తప్పి బంగాళాదుంపల చేలో పడడం మొదలుపెట్టాయి.

వాలెంటీ బట్టతల తడుముకుంటూ, "ఇక టోపీలు పెట్టుకోవచ్చాండీ?" అన్నాడు.

కెప్టెన్ గారు గోపురం లేని ఆకాశంకేసి చూశారు.

"ఆగవయ్యా. ఇంకా చర్చి ముందే ఉన్నాం."