పెద్దాయన సంతకం

కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, తెర వంక చూడకుండా టైపు చెయ్యడం నెట్‌వర్క్ ఆఫీసులో పెద్దాయన దర్జా. ఒకప్పుడు వేరే కంపెనీ పొరపాటున వీళ్ళ ఇంటర్నెట్ అడ్రసుల్ని తనవని చాటుకుంటే, అక్కడి ఇంజినీరుకి ఫోన్ చేసి, “బావా, మా దారి మీ పెరట్లోకి మళ్ళింది, కాస్త వదులు,” అనేవారు. అంతటితో సరి. ఇప్పుడు ఏ అడ్రసులు ఎవరివో, వాళ్ళ కంపెనీకిచ్చిన నెట్‌వర్క్ నంబరు వేసి, డిజిటల్ సంతకంతో నమోదు చెయ్యాలట. సాయంత్రం ఆఫీసు తరఫున ఆ పని ఆయనదే. తేడా వస్తే ఊరంతా నెట్ ఆగుతుంది. అంతకుముందు శిక్షణలో, నమూనా మీద నంబరు కొట్టి ధీమాగా సంతకం పెట్టేసరికి తెర ఎర్రబడింది.

“బాబాయ్, మీ ఇంటికి మీరే దొంగయ్యారు. ఈ నెట్‌వర్క్ నంబరు ఎవరిది?” అంది నేర్పే అమ్మాయి, నవ్వాపుకుంటూ.

అది ఆయన మొదట ఉద్యోగం చేసిన కంపెనీది. కళ్ళద్దాలు కిందికి దించి, ఒక్కో అంకే నెమ్మదిగా చెరిపారు.

“ఆ కంపెనీ మూతపడిందని నాకు తెలుసమ్మా. నా వేళ్ళకే ఎవరూ చెప్పలేదు.”