గొంతు కాడి ముక్కలు

చింతమొద్దు మీద కత్తి దెబ్బ వినపడితే చాలు, నా చేయి దానంతట అదే గొంతు మీదికి పోతుంది. నిన్న బజారులోనూ అంతే. చదువు రానిదాన్ని, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. చెప్పేది మా అత్త బాలమ్మ గురించి.

సూర్యాపేటలో మాది మాంసం దుకాణం. కాపురానికి వచ్చిన కొత్తలో కత్తి చూస్తేనే నాకు దడ. "భయపడకు పిల్లా, నీ భయం కత్తికి తెలుస్తది," అంటూ నా చేయి పట్టుకుని పని నేర్పింది ఆమే. తొడ ముక్కలు కొనేవాళ్లకు, అమ్ముడుపోని మెడ తునకలు ఇంటి కుండకు. మా ఇళ్లలో అదే ఆనవాయితీ. అత్తకు పళ్లు లేవు. అందుకని గొంతు కాడ ఉండే మెత్తటి గడ్డలన్నీ ఏరి మా ఆయన తల్లికోసం దాచేవాడు.

రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజులవి. అందరి చేతులూ వణికేవి, అత్త చేతులు వణికితే ఎవరికి వింత? చలిలో కూడా చెమటలు పట్టేవి, నిద్ర ఉండేది కాదు. ఇద్దరి తిండి తిన్నా మనిషి ఎండిపోతోంది. పక్కింటి రాములమ్మ ఊరుకుంటుందా?

"తిన్నదంతా యాడ దాస్తున్నవే బాలమ్మా? కాళ్లు సూస్తే కొంగ కాళ్లు!"

"రజాకార్లు దోసుకపోతరని కడుపులనే పాతిపెట్టిన. జాగ నీకెందుకు చెప్తనే?"

అని అత్త నవ్వేది. చిక్కిపోతున్న తల్లిని చూసి మా ఆయన బెంగతో ఆ గడ్డలు ఇంకా ఎక్కువ పెట్టేవాడు. "తినవే అమ్మా, బలమొస్తది." కొడుకు మాట కాదనలేక ఆమె తినేది.

రజాకార్ల పీడ పోయింది. అందరి వణుకూ తగ్గింది, ఆమెది తగ్గలేదు. అప్పుడు పుట్టింది మాకు గుబులు. బండి కట్టుకుని మిర్యాలగూడ దవాఖానకు పోయాం. డాక్టరు ఆమె మెడ తడిమాడు. గొంతు జబ్బయితే ఉండాల్సిన వాపు లేదన్నాడు. ఏం తింటావని అడిగాడు.

"ఏమున్నది సారూ, అమ్ముడువోని గొంతు ముక్కలు."

ఆయన తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. మన గొంతులో ఉన్నట్టే మేక గొంతులోనూ ఒక గ్రంథి ఉంటుందట. దాన్ని తింటే అందులోని సారం మన ఒంట్లోనూ పనిచేసి గుండెను పరుగెత్తిస్తుందట. ఇక ముట్టవద్దన్నాడు. దాన్నే మా మనవరాలు థైరాయిడ్ అంటుంది.

మా ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. అత్త వణికే చేయి అతని తల మీద పెట్టింది. "ఊకో కొడుకా. ఇసమని తెలిసి పెట్టినవా? మంచిగుందని పెట్టినవ్, మంచిగుందని తిన్న." తర్వాత నావైపు తిరిగింది. "ఇగ నువ్వు గూడ మిగిలింది తినకు పిల్లా. మంచి ముక్క ముందుగాల నువ్వేసుకో."

మానేశాక వణుకు తగ్గింది, కాస్త కండ పట్టింది. గుండె మాత్రం అప్పటికే అరిగిపోయింది. ఆ ఎండాకాలం ఒక పొద్దున మొద్దు కడుగుతూ పక్కకు ఒరిగింది. మళ్లీ లేవలేదు.

మా ఆయన ఆ తర్వాత మాంసం అమ్మాడే గానీ నోట పెట్టలేదు. ఆయనా పోయాక దుకాణం నేను నడిపాను. మేక కోయగానే ముందు ఆ గడ్డ తీసి, కుక్కలకు కూడా అందకుండా లోతుగా పాతేదాన్ని.

ఇప్పుడు దుకాణం లేదు. కూర దించగానే మొదటి మంచి ముక్క వండినదాని పళ్లెంలో వేస్తాను. కోడళ్లు మొహమాటపడతారు. వాళ్లు తినేదాకా నేను అక్కడినుంచి లేవను.