జవాబు తెలిసినవాడు ఆఖర్న

పన్నెండేళ్ళ పాటు ఆ లెక్కల టీచరు కూడా అందరిలాగే వరసల్లో కూర్చోబెట్టి చెప్పింది. ముందు బెంచీ జవాబు చెప్పేది, వెనక బెంచీలు దించేసుకునేవి. బోర్డు దగ్గరికి పిలిస్తే మాత్రం నీళ్ళు నమిలేవారు. విసిగిపోయి ఈ ఏడాది మూడో తరగతిలో బల్లలు జరిపేసింది. నలుగురేసి ఒక గుంపు. నియమం ఒక్కటే: జవాబు తెలిసినవాడు ఆఖర్న మాట్లాడాలి.

దాంతో, అందరికన్నా ముందే జవాబు అరిచేసే గడుగ్గాయికి కడుపుబ్బరం. కానీ నోట్లో నాలుక లేదని అందరూ ‘మూగనోము’ అని పిలిచే పిల్ల ఈ నెలలోనే నోరు విప్పింది. టీచరుకి అంతకన్నా ఏం కావాలి?

పక్క గది మాస్టారికి మాత్రం ఒళ్ళుమంట. “క్లాసా, చేపల మార్కెట్టా?” అని ఫిర్యాదు చేశాడు. బల్లలు ఇలాగే ఉండాలో వద్దో తేల్చడానికి హెడ్మాస్టారే వచ్చి కూర్చున్నారు.

టీచరు గుంపుకో కాగితం పట్టీ ఇచ్చి అడిగింది: ఇందులో మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?

“నాలుగో వంతే. మూడుకన్నా నాలుగు పెద్దదిగా!” అంది మూగనోము.

“అదెలాగే? నలుగురు పంచుకుంటే నీకు తక్కువ రాదూ?” అంది పక్కనున్న జడపిల్ల.

“ఉండవే, మడిచి చూద్దాం,” అంటూ మూగనోము పట్టీ అందుకుంది.

మూడు మడతలు సమానంగా రావడం లేదు. విప్పింది, మళ్ళీ మడిచింది.

“తప్పు చెప్తుంటే చూస్తూ ఊరుకుంటారేంటమ్మా?” అన్నారు హెడ్మాస్టారు.

కాస్త ఓపిక పడితే ఆ పిల్ల వేళ్ళే జవాబు చెప్పేవి. టీచరే పట్టలేకపోయింది. అదే గుంపులో ఉన్న గడుగ్గాయి వైపు చూసి, చెప్పమన్నట్టు తలూపింది.

“మూడో వంతు!” వాడు ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

“శభాష్! చూశారా, వాడు చెప్తే మిగతావాళ్ళు రాసుకుంటారు. దీనికింత గోలెందుకమ్మా? రేపట్నించి వరసలే.”

సాయంత్రం టీచరు బల్లలు మళ్ళీ వరసల్లోకి జరిపింది. ఏమని వాదిస్తుంది? ఆయన చేతికి కర్ర అందించింది తనే.

మర్నాడు బోర్డు మీద ఐదో వంతు, ఆరో వంతు రాసి, మూగనోము పక్కన వంగి మెల్లగా అడిగింది.

“ఏది పెద్దదే తల్లీ? నీకేమనిపిస్తోంది?”

ఆ పిల్ల ముందు బెంచీలోని గడుగ్గాయి వీపు చూపించింది.

“వాణ్ణి అడగండి టీచర్. చెప్తే రాసుకుంటా.”