మాల వదిన గోత్రం

మాల వదినతో నా పరిచయం దెబ్బలాటతో మొదలైంది. సిడ్నీ శివార్లలోని పెండిల్ హిల్‌లో కూరగాయల కొట్లో ఆఖరి గోంగూర కట్ట మీద ఇద్దరం ఒకేసారి చెయ్యి వేశాం. నేను వదిలే రకాన్ని కాను, ఆవిడ అంతకంటే కాదు. చెరో కొసా పట్టుకుని లాగుతుంటే ఆవిడ మా అమ్మమ్మ కాలంనాటి తెలుగులో, "నీకే ఉందా నాలిక, నాకు లేదా?" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ కట్ట చెరిసగం పంచుకున్నాం. ఆ సాయంత్రమే వాళ్లింట్లో కాఫీ తాగాను.

ఆవిడ పుట్టింది ఫిజీలో, లబాసా అనే ఊళ్లో. ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి పోయిన తెలుగువాళ్లు. ఎనభై ఏడులో అక్కడ సైన్యం తిరగబడి గొడవలయ్యాక, మొగుడు జైప్రకాష్‌నీ ఇద్దరు పసిపిల్లల్నీ వెంటబెట్టుకుని సిడ్నీ వచ్చి, బ్లాక్‌టౌన్‌లో కాపురం పెట్టింది. ఆయన బస్సు నడిపాడు, ఈవిడ వృద్ధాశ్రమం వంటింట్లో గరిటె తిప్పింది. పిల్లలు ప్రణీల్, ఆష్నా చదువుకుని స్థిరపడ్డారు. ఇప్పుడు మొగుడూ పెళ్లాం ఇద్దరూ రిటైరయ్యారు. నాకంటే నాలుగేళ్లు పెద్దది కాబట్టి వదినా అని పిలవడం మొదలుపెట్టాను, అదే ఖాయమైంది.

ఎక్కడున్నా ఆవిడ నవ్వు ముందు వినిపిస్తుంది, మనిషి తరువాత కనిపిస్తుంది. ఎవరింట్లో ఫంక్షన్ అయినా పిలవకముందే వంటింట్లోకి దూరి కర్రపెండలం వేపుడు చేసేస్తుంది. అలాంటి మనిషికి ఒక్క దగ్గరే నోరు పెగలదు. అది గుళ్లో అర్చన దగ్గర.

సిడ్నీ వచ్చిన కొత్తలో ఒక గుడిలో పూజారి పేరు అడిగాడు, చెప్పింది. గోత్రం అడిగాడు, తెలియదంది. ఓడలో ఏ కులం వాళ్లు ఎవరి పక్కన పడుకున్నారో, దిగాక ఎవరు ఎవర్ని పెళ్లాడారో, గోత్రాలన్నీ ఆ సముద్రంలోనే కలిసిపోయాయి. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పూజారి మంచివాడే, "పోనీలెండి, శివగోత్రం అందాం" అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు గానీ, అందరూ సొంత చీరలు కట్టుకొచ్చిన పెళ్లికి తాను అరువు చీరతో వచ్చినట్టయింది ఈవిడకి. అప్పట్నించీ దేవుడికి బయటినుంచే దండం. జైప్రకాష్ అన్నయ్యకి ఆ బాధ లేదు. ఆయనకి రగ్బీ ఉంది.

కిందటేడాది మా ఆదివారం వాకింగ్ బృందం కంబోడియాకి టికెట్లు కొంది. నాలుగు రోజుల ప్రయాణం, పాత ఖ్మేర్ రాజుల గుళ్లు, ఒక పెద్ద సరస్సు, దాని మీద ఊళ్లు, అన్నీ చూపించడానికి ఒక గైడు. మా ఆయన శ్రీపతికి మోకాళ్లు సహకరించవు, రానన్నారు. జైప్రకాష్ అన్నయ్యకి మ్యాచ్ ఉంది. ఇద్దర్నీ ఒక టీవీ ముందు కూర్చోబెట్టి, ఫ్రిజ్ నిండా పప్పూ పులుసూ పెట్టి నేనూ వదినా విమానం ఎక్కాం. విమానంలో పులిహోర డబ్బా తీసి వరుసంతా పంచింది. ఎవరో తెల్లాయన కూడా రెండోసారి చెయ్యి చాపాడు.

మా బృందానికి పెద్ద జనార్దనరావు గారు. బ్యాంకు ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు, కొడుకు దగ్గరుంటారు. మంత్రాలు సొంతంగా నేర్చుకున్నారు. పురోహితుడు దొరకనిచోట ఆయనే పురోహితుడు. నియమాలంటే ప్రాణం. ప్రదక్షిణ అపసవ్యంగా మొదలెట్టామంటే నడిరోడ్డు మీదైనా నిలబెట్టి వెనక్కి తిప్పుతారు.

మొదటి రెండు రోజులూ గుళ్లే. చెట్ల వేళ్లు గోడల్ని కావిలించుకున్న గుడి ఒకటి, నాలుగు దిక్కులా నవ్వే మొహాలున్న గుడి ఒకటి. మా గైడు బోఫా, నడివయసు మనిషి. ఇంగ్లీషు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుతుంది. ఆ రాతిమొహాల్లో ఒకదాని పక్కన నిలబడి వదిన అలాగే నవ్వి ఫోటో దిగింది. ఎవరి నవ్వు బాగుందని బృందంలో ఓటింగ్ పెడితే వదినే గెలిచింది.

మూడో రోజు సరస్సు. నీరు పెరిగితే ఇటూ తగ్గితే అటూ ఇళ్లనే లాక్కుపోతారట. ఇల్లు, బడి, కొట్టు, అన్నీ తెప్పల మీదే. మేమంతా లైఫ్ జాకెట్లలో బిగుసుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే వదిన పడవ అంచున కాళ్లు వేలాడేసి కూర్చుంది. ఒక తేలే ఇంట్లో దిగాలి. పడవకీ ఆ ఇంటి అరుగుకీ మధ్య ఒకే ఒక్క పలక. జనార్దనరావు గారు పంచె ఎగదోపుకుని పలక మీద ఒక అడుగు వేసి ఆగిపోయారు. ముందుకీ పోరు, వెనక్కీ రారు. మొహం పాలిపోయింది. వదిన అరుగు మీంచి చెయ్యి చాపి, "నీళ్లు చూడొద్దు రావుగారూ, నా మొహం చూడండి" అంది. అలాగే చూస్తూ దాటారు. దాటాక కూడా కాసేపు ఆ చెయ్యి వదల్లేదు. మేమెవరం నవ్వలేదు, వదినతో సహా.

ఆ ఇంటావిడ చింతకాయలు ఒలుస్తోంది. వదిన పక్కన చతికిలబడి తనూ ఒలవడం మొదలెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ పగలబడి నవ్వుకుంటున్నారు. జనార్దనరావు గారికి మాత్రం ఒక సందేహం. ఇలా ఏడాదికి నాలుగు చోట్లకు తిరిగితే వీళ్లది ఏ ఊరని చెప్పుకుంటారు? బోఫా ఆవిణ్ణి అడిగింది. ఇల్లు ఎక్కడికి లాగినా ఊరు అదే ఊరనీ, పేరూ అదేననీ ఆవిడ చెప్పిందట, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ. వదిన చింతకాయ ఒలవడం ఆపి, ఆవిడ మొహంకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర జనార్దనరావు గారు ప్రకటించారు. మర్నాడు అంగ్‌కోర్ వాట్, ముఖద్వారంలో ఎనిమిది చేతుల విష్ణుమూర్తి ఉన్నాడు, ఇప్పటికీ అక్కడివాళ్లు కొలుస్తారు, మనం తామరపూలతో అర్చన చేసుకుందాం, అందరూ గోత్రాలు గుర్తుపెట్టుకోండి. నేను వదిన వైపు చూశాను. ఆవిడ పళ్లెంలోకి చూస్తోంది.

గదిలోకి రాగానే అంది. "నేను లోపలికి రాను లీలా. బయట మీ చెప్పులు చూస్తా ఉంటా."

నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చింది చెప్పులు కాయడానికా? మా ఆయన కౌండిన్యస గోత్రం, నువ్వు నాకు వదినవి కాబట్టి ఆయనకి అక్కవి, కాబట్టి నీదీ కౌండిన్యసే, రేపు అదే చెప్పు అని తేల్చేశాను. ఆవిడ నవ్వింది. పెళ్లయిన ఆడపడుచుకి పుట్టింటి గోత్రం ఉండదట, ఆ మాట రావుగారే ఎవరికో చెబుతుంటే విందట. "అయినా అదీ అరువేగా" అని దుప్పటి కప్పుకుంది. నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. మనసు ఉసూరుమంది.

పొద్దున్నే అంగ్‌కోర్ వాట్ చేరాం. నీళ్లలో అయిదు శిఖరాలూ తలకిందులుగా కనబడుతుంటే నిన్నటి సంగతి ఒక్క క్షణం మరిచిపోయాను. ద్వారంలో విష్ణుమూర్తి నిలువెత్తున ఉన్నాడు, కాషాయం చుట్టారు, కాళ్ల దగ్గర అగరొత్తులు. అక్కడి ఆడవాళ్లు దండం పెట్టుకుని పక్కకు జరిగి మాకు చోటిచ్చారు. కొబ్బరికాయ కొట్టకూడదు, పెట్టుకోవచ్చని బోఫా చెప్పింది. జనార్దనరావు గారు కాస్త బాధపడి ఒప్పుకున్నారు. తామరపూలు పళ్లెంలో పెట్టుకుని మొదలెట్టారు. భారద్వాజస, హరితస, పైడిపాల, ఒక్కొక్కరూ చెబుతున్నారు, ఆయన పూవు వేస్తున్నారు.

మా కౌండిన్యస చెప్పి పక్కకి జరిగాను. వెనక్కి తిరిగి చూద్దును గదా, వదిన నిలబడి ఉంది. చెప్పుల దగ్గర ఎవరూ లేరు.

"పేరమ్మా?" అన్నారు జనార్దనరావు గారు, ఆమె పేరు తెలియనట్టు. అదీ నియమమే.

"మాల."

"గోత్రం?"

నేను మధ్యలో దూరబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"రావుగారూ, మా వాళ్లు ఏడేడు ఊళ్ల నుంచి పోయి ఒక్క ఊళ్లో కలిసినారు. ఆ ఊరు లబాసా. మాది లబాసా గోత్రం. చెబితే అదే చెప్పండి, లేకుంటే వద్దు."

జనార్దనరావు గారు ఆవిడ మొహంలోకి చూశారు. నియమాలు ఆయన మొహం మీద అటూ ఇటూ తిరగడం నాకు కనబడింది. కాదని అన్నారో, ఆ పళ్లెం లాక్కుని ఆ అర్చన నేనే చేసేద్దామని నడుం బిగించాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

"లబాసా గోత్రోద్భవాయాః, మాలా నామధేయవత్యాః..."

ఆ గొంతులో వణుకు లేదు. భారద్వాజస అన్న గొంతే. పూవు వేశారు. వదిన కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు అలాగే కారనిచ్చి నవ్వింది. ఆ నవ్వుకి అక్కడి ఆడవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. నాకైతే గెంతులెయ్యాలనిపించింది.

"మా ఆయనది కూడా" అంది వదిన. జైప్రకాష్ పేరుతో ఇంకో పూవు పడింది. ప్రణీల్, ఆష్నా, మనవలు, ఒక్కొక్కరికీ లబాసా గోత్రమే. పళ్లెంలో పూలైపోతే బోఫా తన పూలు తెచ్చి అందులో పెట్టింది.

"ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగారు జనార్దనరావు గారు.

వదిన ఓడ దిగిన ముత్తాత పేరు చెప్పింది, "అప్పడు" అని. ముత్తవ్వ పేరు చెప్పింది, గంగమ్మ. పోయినవాళ్ల పేరున అర్చన చేయరని జనార్దనరావు గారికి మాకందరికంటే బాగా తెలుసు. ఆయన ఇంకో పూవు తీసుకుని, "లబాసా గోత్రోద్భవస్య" అని మొదలెట్టారు.