కడిగిన బియ్యం, కట్టిన తాయెత్తు

కడుపునిండా అన్నం తింటున్న మనిషి ఒళ్ళు లోలోపల ఆకలితో మాడగలదంటే మీరు నమ్ముతారా? ఇవాళ పొద్దున పక్కింట్లో వార్చిన గంజి వాసన కిటికీలోంచి వచ్చింది. వెంటనే మా జీవశాస్త్రం మేడం సుశీలమ్మ గుర్తొచ్చారు. ఆమెతోపాటే ఇన్నేళ్ళుగా నాకు తెగని గందరగోళమూ.

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక కొన్నేళ్ళ నాటి మాట. కేజీఎఫ్ బజారులో మాది బియ్యం దుకాణం. తెల్లన్నం తినడం మాకు పరువు; రాగిముద్ద కోరమండల్ గని కూలీల తిండి. నీళ్ళు తేటపడేదాకా బియ్యం కడిగి, గంజి వార్చి పారబోసేది మా అమ్మ. నేను కాలేజీలో చేరిన ఏడు ఆమె అరికాళ్ళు మండాయి, తర్వాత మొద్దుబారాయి. గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోయింది. దిష్టి అంది నాయనమ్మ.

కాలేజీలో అప్పుడే ఎంజైముల పాఠం. తిన్నదాన్ని శక్తిగా మార్చే ఎంజైములు ఒంట్లో ఉన్నా, వాటిలో కొన్నింటికి కోఫ్యాక్టర్ అనే తోడు కావాలనీ, అది లేకుంటే ఎంజైము ఉండీ పనిచేయదనీ చెప్పారు మేడం. ఉన్నది ఎందుకు పనిచేయదో నాకు బోధపడలేదు. కడుపునిండా తిన్నా కాళ్ళు పనిచేయని అమ్మ గుర్తొచ్చి, పాఠమయ్యాక ఆమె సంగతి మేడంకు చెప్పాను.

"మీ ఇంట్లో బియ్యం ఎట్ల కడుగుతారప్పా?"

"తెల్లగా, మేడం."

"ఆ తోడు తవుడులో ఉండాది. బీ-వన్ విటమిన్. మిల్లులో పోయింది పోగా, మిగిలింది మీ అమ్మ తూములో పోస్తా ఉండాది. ఇంగ డాక్టరుకు చూపించు. గంజి వార్చద్దు. రాగిముద్ద పెట్టండి."

డాక్టరూ అదే అని మాత్రలిచ్చాడు. అదే రోజు నాయనమ్మ తాయెత్తు కట్టింది. కొన్ని వారాలకు అమ్మ గోడ వదిలి నడిచింది. నేను మేడం దగ్గరికి పరుగెత్తాను.

"మూఢనమ్మకం ఓడిపోయింది మేడం!"

ఆమె నవ్వారు. "తాయెత్తూ అప్పుడే కట్టినారు గదా?"

"అయితే తాయెత్తు కూడా కోఫ్యాక్టరేనా?" అన్నాను ఉక్రోషంగా.

"బీ-వన్ సంగతి వేరేవాళ్ళు ఎప్పుడో పరీక్షించి తేల్చినారు. నువ్వు తేల్చింది యాడప్పా? కావాలంటే తాయెత్తు తీసి చూడు. గంజి మాత్రం మళ్ళా పారబోయద్దు."

ఇంటికొచ్చి అమ్మను తాయెత్తు తీయమన్నాను.

"మళ్ళా కాళ్ళు పడిపోతే నీ వాదన వచ్చి మోస్తాదా నన్ను? పోరా!"

చివరిదాకా ఆమె తాయెత్తు విప్పలేదు, గంజి పారబోయలేదు. దేన్ని నమ్మిందో నాకిప్పటికీ తెలియదు. ఇప్పుడు మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడుతుంటాను; నా మాటలకు చప్పట్లు మోగినప్పుడల్లా మేడం గొంతు వినిపిస్తుంది: నువ్వు తేల్చింది యాడప్పా?

మీరు మాత్రం ఈ పూట మీ ఇంట గంజి వార్చే చేతిని పట్టుకుని ఆపండి. ఆ చేతికి తాయెత్తు ఉంటే, దాని గురించి భోజనాలయ్యాక వాదించండి.